చీగాంగ్ చేస్తే కిడ్నీ బాగవుతుందా?

మొన్న చలికాలంలో ఒక సోమవారం ఉదయం మా ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. శంషాబాద్ పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఒకప్పుడు సొంత పొలం దున్నారు. ఇప్పుడు పొలం లేదు. కొడుకు ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతున్నాడు. ఈయన కొన్నేళ్లు ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేసి, ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటున్నారు. పన్నెండేళ్లుగా బీపీ, ఎనిమిదేళ్లుగా షుగర్ ఉన్నాయి.

"గోలీలు వేసుకుంటున్నారా పెద్దాయనా?" అని అడిగాం.

"బంద్ చేసిన సార్. మూడు నెలలాయె. ఇప్పుడు ఒళ్లు మంచిగనే ఉన్నది."

వెనకే నిలబడ్డ భార్య ఊరుకోలేదు. "మంచిగ ఏడున్నది సార్, ఆయన కాళ్లు చూడుండ్రి" అంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బీపీ చూస్తే 180/110. రక్త పరీక్ష చేయిస్తే, ఏడాది క్రితం 1.3 ఉన్న క్రియాటినిన్ 2.6కి చేరింది.

అసలు సంగతి మెల్లగా తెలిసింది. కొడుకు ఫోనుకు ఒక వీడియో వచ్చింది. చైనాలో ఒక పార్కులో ముసలివాళ్లు నెమ్మదిగా చేతులు పైకెత్తుతూ, నడుము వంచుతూ, ఊపిరి తీస్తూ వదులుతూ ఉన్నారు. దాని కింద తెలుగులో రాసి ఉంది: ఈ భంగిమ కిడ్నీలకు బలం, ఈ శబ్దం లివర్‌ను శుభ్రం చేస్తుంది, ఈ ఊపిరి గుండెకు మందు. పెద్దాయన రోజూ పొద్దున వేపచెట్టు కింద నిలబడి అది చేయడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి నిద్ర బాగా పట్టింది, మోకాళ్ల నొప్పి తగ్గింది, మనసు తేలికైంది. ఇంకేం, కిడ్నీలకే బలం వస్తుంటే గోలీలు ఎందుకని మానేశారు.

ఆయన చేసిన వ్యాయామంలో తప్పు లేదు. దాని వల్ల కలిగిన హాయి కూడా అబద్ధం కాదు. గోలీలు మానడం ఒక్కటే తప్పు. ఈ రెండింటినీ ఎలా విడదీసి చూడాలో తెలుసుకుంటే మనలో చాలామందికి మేలు జరుగుతుంది. అందుకే ఈ వ్యాసం.

చీగాంగ్ అంటే ఏమిటి?

చైనా భాషలో 'చీ' అంటే గాలి, ఊపిరి, ప్రాణశక్తి అనే అర్థాలు వస్తాయి. 'గాంగ్' అంటే సాధన, శ్రమతో సంపాదించిన నేర్పు. ఒంటి కదలిక, ఊపిరి, మనసు నిలపడం, ఈ మూడింటినీ కలిపి చేసే నెమ్మదైన అభ్యాసాలన్నిటికీ కలిపి పెట్టిన పేరు చీగాంగ్. దీనికి దగ్గరి చుట్టం తాయ్ చీ. అది యుద్ధవిద్య నుంచి వచ్చింది.

ఈ అభ్యాసాలు పాతవే. 1973లో చైనాలోని చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట క్రీస్తుపూర్వం 168 నాటి సమాధిని తవ్వారు. అందులో దొరికిన ఒక పట్టుబట్ట మీద వ్యాయామం చేస్తున్న 44 మంది బొమ్మలు ఉన్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, చిన్నా పెద్దా అందరూ ఉన్నారు. అయితే వీటన్నిటినీ చీగాంగ్ అని ఒకే పేరుతో పిలవడం మాత్రం కొత్త. 1950ల దశకంలో లియు గుయిజెన్ అనే ఆయన ఈ పేరును, ఈ అభ్యాసాన్ని ఆసుపత్రుల్లోకి తెచ్చారు. అప్పట్లో చైనాలో డాక్టర్లు తక్కువ, జనం ఎక్కువ, మందులు ఖరీదు. ఖర్చు లేకుండా ఎవరైనా చేయగలిగిన పద్ధతి కనుక ప్రభుత్వం ప్రోత్సహించింది.

1980లలో అక్కడ ఇది ఒక వెర్రిగా మారింది. దూరం నుంచి చేయి చూపి రోగం పోగొడతామనే గురువులు పుట్టుకొచ్చారు. వేలమంది స్టేడియాలలో చేరేవారు. చివరకు ప్రభుత్వమే పగ్గాలు బిగించి, 2000ల మొదట్లో కొన్ని పాత పద్ధతులను ఎంచి, ఒక క్రమంలో పెట్టి, మామూలు వ్యాయామంగా ప్రచారం చేసింది. వాటిలో అందరికీ తెలిసింది 'బదువాన్‌జిన్', అంటే ఎనిమిది పట్టు ముక్కలు. ఎనిమిది కదలికల వరుస అది.

మన తెలుగువారికి ఈ సంగతి కొంత సినిమా ద్వారా కూడా తెలుసు. 2011లో సూర్య నటించిన 'సెవెన్త్ సెన్స్' చూసినవారికి బోధిధర్ముడు గుర్తుంటాడు. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లిన ఆ బౌద్ధ భిక్షువే ఈ వ్యాయామాలు నేర్పాడని చైనాలో చాలా కాలంగా కథ ఉంది. ఆయన పేరు మీద చెలామణి అయ్యే వ్యాయామ గ్రంథం మాత్రం 17వ శతాబ్దం నాటిదని పండితులు తేల్చారు. అంటే ఆయన తర్వాత వెయ్యేళ్లకు పైనే. కథ కథగా బాగుంది, చరిత్ర మాత్రం కాదు.

వారి కిడ్నీ వేరు, మన స్కానింగ్‌లోని కిడ్నీ వేరు

పెద్దాయన పొరబడింది ఇక్కడే. కనుక దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

రెండు వేల ఏళ్ల క్రితం చైనా వైద్యులు శరీరాన్ని ఒక రాజ్యంగా ఊహించారు. గుండె రాజు. ఊపిరితిత్తులు మంత్రి. కాలేయం సేనాపతి. కడుపు, ప్లీహం ధాన్యపు కొట్ల అధికారులు. కిడ్నీలు బలానికి ఆధారం. ఒక్కో అవయవానికి ఒక భావాన్ని జత చేశారు: కాలేయానికి కోపం, గుండెకు సంతోషం, ప్లీహానికి చింత, ఊపిరితిత్తులకు దుఃఖం, కిడ్నీలకు భయం. రుతువులు, రుచులు, రంగులు కూడా ఇలాగే పంచారు.

మనకిది వింతగా అనిపించనక్కరలేదు. మన మాటల్లోనూ ఇలాంటిదే ఉంది. ఓర్వలేనివాడికి కడుపుమంట అంటాం. ధైర్యం ఉన్నవాడిది గుండె నిబ్బరం అంటాం. భయపడితే గుండె జారిపోయింది అంటాం. బిడ్డ కష్టం చూస్తే కడుపు తరుక్కుపోయింది అంటాం. ఇవి విని ఎవరూ కడుపుకు ఎండోస్కోపీ చేయించరు, గుండెకు ఈసీజీ తీయించరు. మనిషి పడే బాధను ఒంటి భాగంతో చెప్పడం మనకు అలవాటు. హైదరాబాదులో చార్మినార్ దగ్గరి నిజామియా ఆసుపత్రిలో నడిచే యునానీ వైద్యం కూడా నాలుగు ధాతువుల లెక్కతో ఒంటిని చూస్తుంది. పాత నగరంలో జలుబు చేస్తే 'బల్గం పెరిగింది' అనడం అక్కడి నుంచి వచ్చిందే. ప్రతి పాత వైద్యానికీ తనదైన పటం ఒకటి ఉంది.

చైనా పటంలో 'కిడ్నీ' అంటే రక్తాన్ని వడగట్టి మూత్రం తయారుచేసే రెండు పిండాలు మాత్రమే కాదు. ఎముకల గట్టిదనం, జుట్టు, చెవుల వినికిడి, సంతానశక్తి, నడుము బలం, ముసలితనం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. కనుక అక్కడి వైద్యుడు 'మీ కిడ్నీ బలహీనంగా ఉంది' అంటే, నడుము నొప్పి, నీరసం, చలికి తట్టుకోలేకపోవడం వంటి లక్షణాల గుంపు గురించి చెబుతున్నాడన్నమాట. ఆ మనిషి క్రియాటినిన్ పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. అలాగే 'కిడ్నీ బలపడింది' అంటే నడుము తేలికైంది, ఉత్సాహం వచ్చింది అని అర్థం. ఆ మాట విని మన ల్యాబ్ రిపోర్టులోని కిడ్నీ బాగుపడిందనుకుంటే చాలా ప్రమాదం. ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఉంటే, ఒకరి ఉత్తరం ఇంకొకరికి అందినట్టు ఉంటుంది.

ప్లీహం విషయం చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. చైనా పటంలో తిండి అరిగించే ముఖ్య అవయవం ప్లీహం. మన వైద్యంలో అది రక్తాన్ని జల్లెడ పట్టి, ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే అవయవం. యాక్సిడెంటులో అది చితికిపోతే తీసేస్తారు. ఆ మనిషికి టీకాలు, జాగ్రత్తలు కావాలి కాని అన్నం మామూలుగానే అరుగుతుంది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఐసీడీ-11 అనే రోగాల జాబితాలో చైనా పద్ధతి లక్షణాలకూ ఒక అధ్యాయం ఇచ్చారు. 2022 జనవరి నుంచి ఆ జాబితా అమలులోకి వచ్చింది. 'చూశారా, వాళ్లే ఒప్పుకున్నారు' అని కొందరు ప్రచారం చేస్తున్నారు. అది లెక్కలు రాసుకోవడానికి ఇచ్చిన చోటు మాత్రమే. ఆ వైద్యం పనిచేస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

రాత్రి రెండింటికి మెలకువ వస్తే లివర్ జబ్బా?

ఇంకో మెసేజ్ కూడా మీలో చాలామందికి వచ్చి ఉంటుంది. అదొక గడియారం బొమ్మ. రాత్రి 11 నుంచి 1 వరకు పిత్తాశయం, 1 నుంచి 3 వరకు కాలేయం, 3 నుంచి 5 వరకు ఊపిరితిత్తులు, 5 నుంచి 7 వరకు పెద్దపేగు పనిచేస్తాయని, ఏ సమయంలో మెలకువ వస్తే ఆ అవయవం దెబ్బతిన్నట్టేనని రాసి ఉంటుంది. ఇదీ చైనా పటంలోనిదే.

మన ఒంట్లో గడియారం ఉన్న మాట నిజం. దాని జన్యువులను కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లవారుజామున బీపీ పెరగడం, ఆస్తమా ఉన్నవారికి ఆ వేళ ఆయాసం ఎక్కువ కావడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. కాని అవయవాలు రెండు గంటలకొకటి చొప్పున డ్యూటీ మారవు. కాలేయం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ బొమ్మ ఇంకా పనికిరాదు. 2008 మార్చి 23న శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైనప్పటి నుంచి ఇక్కడి ఇళ్లలో రాత్రి, పగలు తారుమారయ్యాయి. లోడర్లు, సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ అమ్మాయిలు, క్యాబ్ డ్రైవర్లు రాత్రి రెండింటికి మెలకువగా ఉండకపోతే జీతం రాదు. వాళ్లందరి లివర్లూ చెడిపోయాయా? లేదు. కాని నైట్ షిఫ్టుల వల్ల నిద్ర తక్కువై, బరువు, షుగర్, బీపీ పెరిగే ప్రమాదం నిజంగానే ఉంది. వాళ్లకు కావలసింది గడియారం బొమ్మ కాదు. పగలు చీకటి గదిలో ఆరేడు గంటల నిద్ర, వేళకు తిండి, ఆరు నెలలకోసారి బీపీ పరీక్ష.

ఇంటి దగ్గర ఉండేవారికి రాత్రి పదేపదే మెలకువ వస్తుంటే కారణాలు వేరే ఉంటాయి. మూత్రానికి మాటిమాటికి లేస్తుంటే షుగర్ కాని, ప్రోస్టేట్ కాని కావచ్చు. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటుంటే గుండె చూపించుకోవాలి. పెద్దగా గురక పెట్టి ఉలిక్కిపడి లేస్తుంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. ఛాతీలో మంటతో లేస్తుంటే అసిడిటీ కావచ్చు. కొందరికి మనసులోని దిగులే కారణం. ఇవన్నీ చికిత్సకు లొంగేవే, డాక్టరుకు చెబితేనే.

మరి నిజంగా మేలు ఏమైనా ఉందా?

ఉంది. దాన్ని దాచడం కూడా న్యాయం కాదు.

మొదటిది, పడిపోకుండా కాపాడటం. ముసలితనంలో బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్లీ మంచం దిగడం కష్టం. ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2019లో కొక్రేన్ అనే సంస్థ లెక్క వేసింది. వయసు మళ్లినవారు వ్యాయామం చేస్తే పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతోంది. తాయ్ చీ చేసినవారిలో సుమారు 19 శాతం తగ్గుతోంది, అయితే ఆ రెండో లెక్కకు బలం కొంచెం తక్కువ. నెమ్మదిగా ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం వల్ల కాళ్ల కండరాలు, ఒంటి తూకం బాగుపడతాయి.

రెండోది, మోకాళ్లు. అమెరికాలోని బోస్టన్‌లో మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫిజియోథెరపీ, ఇంకో జట్టుకు వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు తాయ్ చీ చేయించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్లకూ నొప్పి దాదాపు సమానంగా తగ్గింది. మన పెద్దాయన మోకాళ్ల నొప్పి తగ్గిందంటే అందులో ఆశ్చర్యం లేదు.

మూడోది, బీపీ. ఇది జాగ్రత్తగా చదవండి. బీజింగ్‌లో బీపీ కొంచెం మాత్రమే ఎక్కువగా ఉన్న 342 మంది మీద ఏడాదిపాటు జరిపిన పరిశోధన 2024లో వచ్చింది. తాయ్ చీ చేసినవారికి పై బీపీ సగటున 7 పాయింట్లు తగ్గింది. వేగంగా నడవడం, సైకిలు తొక్కడం వంటివి చేసినవారికి దాదాపు 5 పాయింట్లు తగ్గింది. మంచి ఫలితమే. కాని లెక్క చూడండి. వాళ్లు వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట చొప్పున చేశారు. వాళ్లది ఇంకా మందులు అవసరం లేని బీపీ. మన పెద్దాయనది 180. అందులో 7 తీసేస్తే 173. ఆ 173 కూడా కిడ్నీలను, మెదడు రక్తనాళాలను దెబ్బతీసే అంకెే.

నాలుగోది, ఊపిరి. నిమిషానికి ఆరుసార్లు మాత్రమే, నెమ్మదిగా, వదిలేటప్పుడు ఇంకా నెమ్మదిగా శ్వాసిస్తే గుండె వేగం తగ్గుతుంది, కంగారు తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకు, కడుపుకు వెళ్లే వేగస్ అనే నరం చేసే పని ఇది. అందుకే నిద్ర పడుతుంది, మనసు తేలికవుతుంది. 'చీ' అనే శక్తి నాళాల్లో పారుతోందని చైనా వైద్యులు అనుభవంతో చెప్పిన దానిలో కొంత భాగం ఇదే కావచ్చు. ఆ నాళాలు మాత్రం ఏ స్కానింగ్‌లోనూ, ఏ ఆపరేషన్‌లోనూ ఇంతవరకు కనిపించలేదు.

ఇంత మేలు ఉంది. అయితే చెడిపోయిన కిడ్నీని ఒక భంగిమ బాగుచేసిందని, ఒక శబ్దం లివర్‌ను కడిగిందని నమ్మదగిన రుజువు లేదు. కొవ్వు పట్టిన లివర్ బాగుపడాలంటే బరువు తగ్గాలి, మద్యం మానాలి. ఏ వ్యాయామమైనా అందుకు తోడ్పడుతుంది.

బేగంపేట నేర్పిన పాఠం

'అయితే పాత చైనా వైద్యమంతా వట్టిదేనా?' అని అడగవచ్చు. దానికి జవాబు మన హైదరాబాదులోనే మొదలవుతుంది.

శంషాబాద్ రాకముందు మన విమానాశ్రయం బేగంపేట. ఆ పాత విమానాశ్రయం దగ్గరే ఒక చిన్న బంగళా ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూసి, మలేరియా క్రిమిని దోమలో కనిపెట్టాడు. తనను దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్న ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. అంతవరకు మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మేవారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత, పాత మందులకు మలేరియా లొంగడం మానేసినప్పుడు, చైనాలో తు యూయూ అనే ఆమె పాత వైద్య గ్రంథాలు వెతికారు. నాలుగో శతాబ్దపు పుస్తకం ఒకదానిలో జ్వరానికి 'చింగ్‌హావ్' అనే మొక్క రసం వాడినట్టు ఉంది. అది మన మాచిపత్రికి దగ్గరి చుట్టం. ఆ పుస్తకంలో మొక్కను ఉడికించమని లేదు, నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది. వేడికి మందు గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో సారం తీసి, ఎలుకల మీద, కోతుల మీద పరీక్షించి, చివరకు తన మీదనే ప్రయోగించుకున్నారు. అలా 1970ల మొదట్లో ఆర్టెమిసినిన్ దొరికింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. ఈ రోజు మన దేశంలో ప్రమాదకరమైన ఫాల్సిపేరం మలేరియాకు ఇచ్చే మందుల్లో ముఖ్యమైనది ఈ కుటుంబానిదే.

పాత పుస్తకంలో ఉందని ఆమె నమ్మేయలేదు. పాత పుస్తకంలో ఉందని పారేయనూ లేదు. పరీక్ష పెట్టారు. నిలిచింది మందయింది. అదే గ్రంథాల్లోని మిగతా ఎన్నో మొక్కలు ఆ పరీక్షలో నిలవలేదు. మన వేపచెట్టు కింది వ్యాయామానికైనా, డాక్టరు రాసిచ్చే గోలీకైనా కొలత అదే.

పొడులతో జాగ్రత్త

వ్యాయామం వీడియోల వెనకే తరచుగా ఇంకొకటి వస్తుంది: కిడ్నీ శుద్ధికి పొడి, లివర్‌కు కషాయం. కదలికల వల్ల పెద్ద హాని లేదు. ప్రమాదమంతా పొడుల్లో ఉంది.

1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన స్త్రీలకు ఉన్నట్టుండి కిడ్నీలు చెడిపోవడం మొదలైంది. 1993లో డాక్టర్లు కారణం బయటపెట్టారు. ఒక మూలిక బదులు పొరపాటున అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. చివరకు వందకు పైగా స్త్రీలు దెబ్బతిన్నారు. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ జాతి మొక్కలు మన దగ్గరా ఉన్నాయి. నల్ల ఈశ్వరి వాటిలో ఒకటి. పాముకాటుకని, జ్వరానికని పల్లెల్లో దాని వేరు వాడిన అలవాటు ఉంది. 'చెట్టు మందు, ఏం కాదు' అనే మాట కిడ్నీల విషయంలో నిజం కాదు. పేరు లేని, లోపల ఏముందో రాయని ఏ పొడినీ తినకండి. తింటున్నవారు దాచకుండా ఆ పొట్లం డాక్టరుకు చూపించండి, ఎవరూ కోప్పడరు. నొప్పుల గోలీలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి మింగడం కూడా ఇంత ప్రమాదమే.

కిడ్నీ జబ్బు చప్పుడు చేయదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి మీరు వినే ఉంటారు. కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య, కష్టపడి పనిచేసే రైతుకూలీల ఇళ్లలో వేలమందికి కిడ్నీలు చెడిపోయాయి. ఇదీ అని ఒక్క కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ ప్రాంతం మనందరికీ నేర్పే పాఠం ఒకటుంది. కిడ్నీ సగానికి పైగా చెడిపోయేదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. పని చేసుకుంటాడు, అన్నం తింటాడు, నవ్వుతాడు. కనుక 'ఒళ్లు మంచిగనే ఉన్నది' అనేది కిడ్నీ గురించి చెప్పే సాక్ష్యం కాదు.

సాక్ష్యం చెప్పేవి ఇవి: బీపీ కొలత, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ. షుగర్, బీపీ ఉన్న ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా ఇవి చేయించుకోవాలి. ఆరోగ్యశ్రీలో డయాలిసిస్ ఉచితంగా దొరుకుతున్న మాట నిజమే. కాని వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద పడి ఉండవలసిన బతుకది. రోజుకు రెండు గోలీలు దానికంటే ఎన్నో రెట్లు తేలిక.

చేయాలనుకునేవారికి

ఇంత చదివాక కూడా 'మేం చేయవచ్చా?' అని అడిగేవారికి: నిరభ్యంతరంగా చేయవచ్చు. మొదట ఈ మూడింటితో మొదలుపెట్టండి.

1. కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, మోకాళ్లు కొద్దిగా సడలించి నిలబడండి. ముక్కుతో ఊపిరి తీస్తూ రెండు చేతులూ, నెత్తి మీద గడ్డిమోపు అందుకున్నట్టు, నెమ్మదిగా పైకెత్తండి. వదులుతూ పక్కల నుంచి దించండి. ఎనిమిదిసార్లు.

2. ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి నొక్కినట్టు చాపండి. చేతులు మార్చండి. పక్కకు నాలుగు, మొత్తం ఎనిమిది.

3. గోడనో కుర్చీనో పట్టుకుని మడమలు పైకెత్తి, మెల్లగా దించండి. ఏడుసార్లు. కాలి పిక్కలకు మంచిది. గంటలకొద్దీ స్టీరింగ్ ముందు కూర్చునే డ్రైవర్లు పార్కింగులో దిగి చేసుకోవచ్చు.

రోజూ 15 నిమిషాలు చాలు. దానితోపాటు అరగంట నడక మానవద్దు.

జాగ్రత్తలు కూడా వినండి. ఊపిరి బిగపట్టవద్దు. బీపీ ఎక్కువగా ఉన్నవారు, కంటిలో నీటికాసులు ఉన్నవారు, తల తిరుగుడు ఉన్నవారు తల కిందికి వంచే భంగిమలు చేయవద్దు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవారు పరగడుపున చేయవద్దు. గుండె ఆపరేషన్, హెర్నియా ఆపరేషన్ అయినవారు, గర్భిణులు ముందు డాక్టరును అడగండి. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారు గంటల తరబడి కళ్లు మూసుకుని చేసే సాధనకు దూరంగా ఉండాలి. అలాంటివారిలో కొందరికి లేనివి కనిపించడం, వినిపించడం మొదలైన ఉదాహరణలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. చేస్తుండగా ఛాతీలో నొప్పి, చెమటలు, మూతి వంకర, చేయి పడిపోవడం వంటివి కనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

సంఘ కుటుంబాల నుంచి ఒక ప్రశ్న తరచుగా వస్తుంది: ఇది వేరే మతం వాళ్లది కాదా, చేయవచ్చా అని. చేతులెత్తడం, దించడం, నెమ్మదిగా ఊపిరి తీయడం ఏ మతానికీ చెందినవి కావు. కొన్ని గుంపులు వ్యాయామంతోపాటు తమ నమ్మకాలను, గురువు మీద గుడ్డి భక్తిని, 'మందులు మానేయండి' అనే మాటను కూడా నేర్పుతాయి. మీ మనస్సాక్షికి ఇబ్బంది కలిగితే మీ పాస్టరు గారితో మాట్లాడండి, నడక ఎంచుకోండి. మందులు మానమని చెప్పేవారు మాత్రం ఎవరైనా సరే, ఏ పేరుతో చెప్పినా సరే, వారి మాట వినకండి.

మన పెద్దాయన ఇప్పుడు ఎలా ఉన్నారు? గోలీలు మళ్లీ మొదలుపెట్టారు. బీపీ 130 దగ్గరకు వచ్చింది. కాళ్ల వాపు తీసింది. క్రియాటినిన్ మాత్రం 1.9 దగ్గర ఆగిపోయింది. పోయినది కొంత తిరిగిరాదని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "మరి ఆ చైనా కసరత్తు బంద్ చెయ్యమంటరా సార్?"

"వద్దు పెద్దాయనా, చేసుకోండి. గోలీ వేసుకున్నాక చేసుకోండి" అన్నాం.

ఇప్పుడు రోజూ పొద్దున ఆయన వేపచెట్టు కిందికి వెళ్లేముందు, భార్య చేతిలో నీళ్ల గ్లాసు, రెండు గోలీలు పట్టుకుని గడపలో నిలబడుతుందట. మింగిందాకా దారి ఇవ్వదట. మీ ఇంట్లో కూడా బీపీకో షుగర్‌కో మందులు వాడే పెద్దవారు ఉంటే, ఈ రోజే ఒకసారి అడగండి: "గోలీ వేసుకున్నరా?"